భృతి, వసూలు, విచారణహక్కు

అమెరికా సంయుక్తరాష్ట్రములలో నిరుద్యోగభృతికి ప్రథమ శాసనము 1932లో విస్కాన్సిన్ రాష్ట్రమున వెలసెను. మహామాంద్యము లక్షలాది శ్రామికకుటుంబములను వీథిపాలు చేసియున్న కాలమున, 1935 ఆగస్టు 14న అధ్యక్షుడు రూజ్‌వెల్టు సంతకముచేసిన సామాజిక భద్రతా చట్టము ఆ పద్ధతిని దేశమంతటికిని వ్యాపింపజేసెను. భృతి నిరాకరింపబడినవానికి నిష్పక్షపాతమైన న్యాయపీఠము నెదుట తన వాదము వినిపించుకొను అవకాశమును కల్పించిన రాష్ట్రములకు మాత్రమే పరిపాలనావ్యయము నొసంగుదునని కేంద్రప్రభుత్వము అందొక నిబంధన విధించెను. భృతి దయాదత్తము కాదు, హక్కు అను భావమునకు ఆ చిన్న నిబంధనయే ప్రాణమని నా నిశ్చితాభిప్రాయము. అర్హుడని ఒకసారి తేలినవాని భృతిని, యజమాని అప్పీలు చేసినంతమాత్రమున నిలుపరాదని 1971లో సుప్రీంకోర్టు కాలిఫోర్నియాకు సంబంధించిన జావా వ్యాజ్యమున తీర్పు చెప్పెను.

పొరపాటున అధికముగా చేరిన సొమ్మును తిరిగి రాబట్టుట న్యాయమే. కాని పొరపాటేదో వంచన యేదో విచారింపక వసూలునకు దిగుట ఘోరమైన అన్యాయము. మిషిగన్ రాష్ట్రమున జరిగినది అదియే.

అచ్చట 2013 అక్టోబరు మొదలు 2015 ఆగస్టు వరకు ఈ నిర్ణయభారమును మైడాస్ అను కంప్యూటరు వ్యవస్థ వహించెను. యజమాని మూడునెలలకు కలిపి తెలిపిన వేతనమును వారములకు సమముగా పంచి, పనిలేని వారములందును సంపాదన కలదని లెక్కగట్టి, భృతి ముగిసిన పిదప చాలమంది తెరచిచూడని ఆన్‌లైన్ ఖాతాకు ప్రశ్నావళి నంపి, పదిదినములలో ప్రత్యుత్తరము రానిచో అది వంచనయే యని ఆ యంత్రము తీర్మానించుచుండెను. ఆపైన అసలు సొమ్మునకు నాలుగురెట్లు జరిమానా, దానిపై వడ్డీ, జీతములో కోత, పన్ను వాపసుల జప్తు! తమపై మోపబడిన నేరమేమో తెలియకయే దివాలా తీసినవారును కలరు.

తరువాత రాష్ట్రమే 22,427 నిర్ణయములను పునఃపరిశీలింపగా వానిలో నూటికి 93 తప్పని తేలెను. రాజ్యాంగోక్తమైన న్యాయవిచారణహక్కు భంగమైనపుడు బాధితులు రాష్ట్రమునుండి ధనరూపమున పరిహారము కోరవచ్చునని మిషిగన్ సుప్రీంకోర్టు 2022 జూలైలో నిర్ణయించెను. ఆ అక్టోబరులో రెండుకోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. విచారణ ముందును వసూలు వెనుకను జరిగియున్నచో, 2015లో మొదలై ఏడేండ్లు సాగిన ఆ వ్యాజ్యము పుట్టియే యుండదు.