నల్లరేగడిపై బాట

నంద్యాల మొదలు ఆళ్లగడ్డ వఱకు దారి సుమారు 40 కిలోమీటర్లు. దీని చరిత్ర వ్రాయబూనినవాడు రాజుల కథకంటె ముందు మట్టి కథ చెప్పవలసియున్నది. కుందూ లోయలోని నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు వాఱును. శనగకు, ప్రత్తికి తల్లివంటి ఈ నేల బాటకు మాత్రము సవతితల్లి. దానిపై కంకర పఱచినచో ఱాళ్ల సందులలోనికి బురద ఎగదన్నును. ఱాయి క్రిందికి దిగబడును. కావున ఇంజనీర్లు కట్ట ఎత్తుచేసి, ఇరువైపుల నీరు పోవు కాలువలు తీసి, నల్లమట్టికిని కంకరకును నడుమ గరుసు పొర వేయుట నేర్చిరి. సున్నము కలిపి మట్టి పొగరు అణచుటయు కలదు.

1830లో కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు మన అహోబిలము, మహానంది దర్శించి శ్రీశైలము చేరిరి. ఆనాడు కలవారికి బోయీల భుజములే వాహనము, రైతునకు ఎద్దులబండి. ఇనుపకమ్మి తొడిగిన ఆ బండిచక్రము తడిసిన రేగడిని కత్తివలె కోసెడిది. పిమ్మట వచ్చిన రబ్బరు టైరు బరువును వెడల్పున పంచి నేలను కాపాడెను, ఎద్దుల శ్రమ తగ్గించెను. మోటారుకంటె ఇదియే మన రైతునకు జరిగిన గొప్ప ఉపకారమని నా తలంపు.

1863లో మొదలిడి త్రవ్విన కర్నూలు కడప కాలువను పైరులకే గాక పడవలకును ఉద్దేశించిరి. కంపెనీవారి లెక్కలు పొసగలేదు. 1882లో ప్రభుత్వము దానిని కొనవలసివచ్చెను. ఆ శతాబ్ది చివర నంద్యాలకు రైలు వచ్చినది. ఆళ్లగడ్డకు రాలేదు. 2016లో తెఱచిన నంద్యాల ఎఱ్ఱగుంట్ల మార్గము సైతము బనగానపల్లె, కోవెలకుంట్ల వైపుగా పోయినది. ఆళ్లగడ్డకు రోడ్డే గతి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కఱవై, మద్రాసు రాజధానిలో బొగ్గుబస్సులు నడచెను. బస్సు వెనుక ఇనుప పీపాలో బొగ్గును చాలీచాలని గాలితో మండించి, పుట్టిన వాయువును యంత్రమునకు పంపెడివారు. ఆ వాయువులో ముఖ్యమైనది కార్బన్ మోనాక్సైడు. వాసన తెలియని విషము. అది యంత్రమునకు చాలినంత బలమీయదు. మిట్ట వచ్చినచో ప్రయాణికులు దిగి నెట్టుట తప్పెడిది కాదని పెద్దలు నవ్వుచు చెప్పగా వింటిని. ఇంధనము మార్చుట కొత్త సంగతి కాదు; అప్పుడు కఱవు మార్పించినది, ఇప్పుడు ఊపిరితిత్తులు మార్పించుచున్నవి. యంత్రము కొట్టుకొనకుండుటకై పెట్రోలులో కలుపు సీసము పసిపిల్లల మెదడును చెఱచునని తేలి, 2000లో మన దేశమున మానిరి. 2020 ఏప్రిలు 1 నుండి కొత్త బండ్లకు పొగ విషయమున భారత్ స్టేజి ఆఱు అను కఠిననియమము వచ్చినది. పాత లారీ వెనుక మోటారుసైకిలుపై పోవువానికి ఈ భేదము ముక్కే చెప్పును.

పూర్వము 18వ సంఖ్య గల మన జాతీయ రహదారి నేడు 40వ సంఖ్యతో నాలుగు వరుసలై యున్నది. గతుకులు పోయినవి, వేగము వచ్చినది. నలోపాఖ్యానమున బాహుకుడు రథము తోలుచుండగా ఋతుపర్ణుని ఉత్తరీయము జాఱిపడినది. ఆపుమని రాజు పలుకునప్పటికే రథము యోజనము దాటినది! లెక్కలు వ్రాయువాడను గనుక ఒక లెక్క చెప్పెదను. గంటకు 80 కిలోమీటర్ల వేగమున పోవు కారు, తోలువాని కాలు బ్రేకుపై పడులోపల, ఒక్క సెకనులోనే 22 మీటర్లు పోవును. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన పిదప ఆగు దూరము నాలుగింతలగును. 2019 నుండి 125 సి.సి. దాటిన కొత్త మోటారుసైకిళ్లకు చక్రము బిగిసి జాఱకుండ కాచు ఏ.బి.ఎస్. అమర్చవలెనని నియమము. మంచిదే. కాని ఎదుటి బండి కనబడనినాడు ఏ బ్రేకు ఏమి చేయగలదు?

శనగలు దింపి చీకటిలో ఇల్లు చేరు మన ట్రాలీలకు వెనుకదీపము ఉండుట అరుదు. వెలుతురు పడగానే మెఱయు ఎఱ్ఱపట్టీ స్వల్పవ్యయముతో దొరకును. గ్రంథాలయ యువకులు ఈ రజతోత్సవ దినములలో ఊరి బండ్లన్నిటికి వానిని అంటింపబూనినచో, మొదట మా ఎద్దులబండి యొద్దకు రావలసినదిగా కోరుచున్నాను.