క్వార్టర్‌బ్యాక్‌కు కాంట్రాక్టు పొడిగింపు: ఒక వాదన పుట్టుపూర్వోత్తరాలు

అమెరికన్ ఫుట్‌బాల్‌లో జట్టు చేసే దాడి దాదాపు ప్రతిసారీ క్వార్టర్‌బ్యాక్ చేతిమీదుగానే మొదలవుతుంది. సెంటర్ స్థానంలోని ఆటగాడు వెనక్కి అందించిన బంతిని దూరంగా పరుగెత్తే రిసీవర్‌కు విసరాలా, పక్కనున్న రన్నింగ్ బ్యాక్‌ చేతిలో పెట్టాలా, తానే పట్టుకుని ఉరకాలా అన్నది అతను రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 32 జట్లున్నాయి. వాటిలో తిరుగులేని క్వార్టర్‌బ్యాక్‌లు ఏ కాలంలోనైనా కొద్దిమందే. వాళ్ల గురించి అభిమానులు తగవు పడరు, బొత్తిగా చేతకానివాడి గురించీ పడరు. ఒక ఏడాది ఆశ పెట్టి మరుసటి ఏడాది నీరుగార్చే మధ్యరకం ఆటగాడి గురించే గొడవంతా: అతని కాంట్రాక్టు పొడిగించాలా, సాగనంపాలా? ఇవాళ ప్రతి జట్టు ఊళ్లోనూ వినిపించే ఈ ప్రశ్న, ఇప్పుడున్న రూపంలో, ముప్ఫై ఏళ్ల పైచిలుకు నాటిది మాత్రమే.

లీగ్ పుట్టిన 1920లో క్వార్టర్‌బ్యాక్‌కు ఇంత ప్రాధాన్యం లేదు. ఆట ఎక్కువగా పరుగు మీదే నడిచేది. 1940 ఫైనల్లో షికాగో బేర్స్ ‘టి ఫార్మేషన్’ వ్యూహంతో వాషింగ్టన్‌ను 73–0తో చిత్తు చేసింది. ఆ వ్యూహానికి ఇరుసుగా నిలిచిన సిడ్ లక్‌మన్ లాంటి ఆటగాడి కోసం మిగతా జట్లూ వెతకసాగాయి. అయినా అతని జీతం ప్రేక్షకుడి చర్చలోకి రాలేదు. కాంట్రాక్టు ముగిసిన ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్లే వీలు దాదాపు లేకపోవడం ఇందుకు ఒక కారణం. 1963లో వచ్చిన రోజెల్ నిబంధన ఆ కొద్దిపాటి వీలునూ మూసేసింది. మరో జట్టు ఆటగాడిని తీసుకున్న యాజమాన్యం పాత జట్టుకు పరిహారం ఇచ్చుకోవాలి. అదెంతో రెండు జట్లకూ కుదరకపోతే కమిషనర్ పీట్ రోజెల్ నిర్ణయిస్తారు. ఎంత వడ్డిస్తారో తెలియని జరిమానాకు సిద్ధపడి ఆటగాడిని తెచ్చుకునే యాజమాన్యాలు అరుదు.

జీతం పతాక శీర్షికకు ఎక్కింది 1965లో. పోటీ లీగ్ అయిన ఏఎఫ్‌ఎల్‌లోని న్యూయార్క్ జెట్స్, కాలేజీ నుంచి అప్పుడే బయటికొచ్చిన జో నేమత్‌తో 4,27,000 డాలర్లకు ఒప్పందం రాసుకుంది. ఆ రోజుల్లో అది నమ్మశక్యం కాని మొత్తం. 1969 జనవరిలో జెట్స్ చాంపియన్‌ను తేల్చే సూపర్ బౌల్ గెలవడంతో విమర్శకులు సర్దుకున్నారు.

ఆ కాలపు సహనానికి టెర్రీ బ్రాడ్‌షా మంచి ఉదాహరణ. కాలేజీ ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 1970లో, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ మొట్టమొదటి ఎంపికగా తెచ్చుకున్న ఇతను తొలి ఏళ్లలో సొంత మైదానంలోనే ఈసడింపులు భరించాడు. 1974 సీజన్ మొదలైనప్పుడు అతని స్థానంలో జో గిల్లియమ్ ఆడాడు. అదే సీజన్ చివర బ్రాడ్‌షా జట్టుకు సూపర్ బౌల్ గెలిచి పెట్టాడు. 1979 సీజన్ ముగిసేసరికి అవి నాలుగయ్యాయి. ఇవాళైతే నాలుగేళ్లు అలా తడబడినవాడికి రెండో కాంట్రాక్టు దక్కడం కష్టం. స్టీలర్స్‌ను గొప్ప దూరదృష్టి గల యాజమాన్యంగా పొగడడం పరిపాటే. కానీ ఆనాటి నిబంధనల్లో ఆటగాడిని అట్టిపెట్టుకుని ఎదురుచూడడానికి అయ్యే ఖర్చు చాలా తక్కువన్న సంగతి ఆ పొగడ్తల్లో మరుగున పడుతుంది.

ఆ ఖర్చును పెంచింది కోర్టులూ సమ్మెలూ. జాన్ మాకీ తదితరులు వేసిన దావాలో 1976లో రోజెల్ నిబంధన వీగిపోయింది. 1982లోనూ 1987లోనూ ఆటగాళ్లు సమ్మె చేశారు. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ కేసులో మినియాపొలిస్ జ్యూరీ ఆటగాళ్ల వైపు నిలిచింది. దాని ఫలితంగా 1993లో కుదిరిన ఒప్పందం ఆటగాళ్లకు నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛను (ఫ్రీ ఏజెన్సీ), యాజమాన్యాలకు జీతాల పరిమితిని ఇచ్చింది. తొలిసారి 1994లో అమలైన ఈ ‘శాలరీ క్యాప్’ జట్టుకు 3.46 కోట్ల డాలర్లు. ఐపీఎల్ వేలంలో ఫ్రాంచైజీ పర్సు తెలిసినవారికి ఇది కొత్తేం కాదు: ఒకడికి ఎక్కువ పోస్తే మిగతావారికి అంత మేర తగ్గుతుంది. దాంతో క్వార్టర్‌బ్యాక్ జీతం యజమాని జేబు వ్యవహారంగా మిగలలేదు. అతనికి చేరే ప్రతి డాలరూ ఒక డిఫెండర్‌కో రిసీవర్‌కో దక్కకుండా పోయేదే కాబట్టి, ఆ లెక్క అడిగే హక్కు తమకూ ఉందనుకున్నారు అభిమానులు. అడగడానికి వేదిక కూడా అప్పటికే సిద్ధంగా ఉంది. 1987లో న్యూయార్క్‌లో ప్రారంభమైన డబ్ల్యూఎఫ్‌ఏఎన్ కేంద్రం, రోజంతా క్రీడల ముచ్చట్లే నడిపే రేడియో పద్ధతికి దారి చూపింది.

క్యాప్ లెక్కలో ఒక మెలిక ఉంది, అభిమానుల భయమంతా దాని చుట్టూనే. సంతకం చేసినప్పుడు ఇచ్చే బోనస్‌ను లెక్కల్లో అయిదేళ్ల వరకు పంచి చూపవచ్చు. ఆటగాడిని మధ్యలో వదిలించుకుంటే ఇంకా చూపని భాగమంతా సాధారణంగా ఒక్కసారిగా నెత్తిన పడుతుంది. మనిషి జట్టులో ఉండడు, పద్దు మాత్రం ఉంటుంది. దీన్నే ‘డెడ్ మనీ’ అంటారు.

యాజమాన్యాలకూ ఆటగాళ్లకూ మధ్య 2011లో కుదిరిన ఒప్పందం ఈ వాదనకు గడువు పెట్టింది. అంతకు ముందు ఏడాది డ్రాఫ్ట్‌లో మొదటివాడైన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఒక్క మ్యాచ్ ఆడకముందే ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల కాంట్రాక్టు దక్కింది. కొత్త ఆటగాళ్ల జీతాల పట్టిక వచ్చాక 2011లో మొదటివాడైన కామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు సుమారు 2.2 కోట్లే. మొదటి రౌండ్ ఆటగాడిని అయిదో ఏడాదీ అట్టిపెట్టుకునే హక్కు (ఆప్షన్) జట్టు చేతిలో ఉంటుంది. మూడు సీజన్లు పూర్తయితే పొడిగింపు మాట్లాడుకోవచ్చు. చవకగా దొరికిన కుర్ర క్వార్టర్‌బ్యాక్ ఉన్నన్నాళ్లూ మిగిలిన డబ్బుతో బలమైన జట్టు కట్టుకోవడం అప్పటి నుంచి ఒక వ్యూహమైంది. అయితే మూడేళ్ల ఆట చూసి రాబోయే అయిదేళ్లకు ధర కట్టవలసి రావడం ఆ వ్యూహంలోని ఇరకాటం. క్వార్టర్‌బ్యాక్ ఆటను అంకెల్లో కొలవడానికి 1973 నుంచి వాడుకలో ఉన్న పాసర్ రేటింగ్‌కు తోడు 2011లో ఈఎస్‌పీఎన్ సంస్థ క్యూబీఆర్ అనే మరో కొలతను తెచ్చింది. కొలతలు పెరిగాయి, తమకు అనుకూలమైన కొలతను ఏరుకునే వెసులుబాటూ పెరిగింది.

ఈ కాలపు తొలి ప్రసిద్ధ ఘట్టం బాల్టిమోర్ రేవెన్స్‌కు ఆడిన జో ఫ్లాకోది. జట్టు ఇవ్వజూపిన మొత్తాన్ని కాదని 2012 సీజన్ ఆడాడు, సూపర్ బౌల్ గెలిచాడు, 2013 మార్చిలో ఆరేళ్లకు 12.06 కోట్ల కాంట్రాక్టు అందుకున్నాడు. కర్క్ కజిన్స్ దారి వేరు. వాషింగ్టన్ తేల్చకుండా 2016లోనూ 2017లోనూ ఫ్రాంచైజీ ట్యాగ్‌తో, అంటే ఆటగాడిని ఒక్క ఏడాదికి అట్టిపెట్టుకునే హక్కుతో, ఏడాదికేడాది నెట్టుకొచ్చింది. 2018లో అతను మినెసోటా వైకింగ్స్ దగ్గర మూడేళ్లకు 8.4 కోట్లు, పూర్తి హామీతో, రాయించుకున్నాడు. అదే ఏడాది జాక్సన్‌విల్ జాగ్వార్స్ ఫైనల్ అంచుదాకా వెళ్లిన ఊపులో బ్లేక్ బోర్టల్స్‌కు మూడేళ్లకు 5.4 కోట్లు ఇచ్చింది. ఆ సీజన్ ముగియకముందే అతను బెంచీ మీద కూర్చున్నాడు.

పొడిగించవద్దనే వర్గానికి కంఠస్థమైన ఉదాహరణ మాత్రం డేనియల్ జోన్స్. 2019లో న్యూయార్క్ జెయింట్స్ అతన్ని ఆరో ఎంపికగా తీసుకుంది. తొలి మూడేళ్లలో అతను ఆరంభించిన మ్యాచ్‌ల్లో 12 గెలుపులు, 25 ఓటములు. 2022లో జట్టు అతని అయిదో ఏడాది ఆప్షన్ వదులుకుంది. అప్పుడే వచ్చిన కోచ్ బ్రయాన్ డేబొల్ కింద జోన్స్ ప్రత్యర్థుల చేతికి చిక్కే విసుర్లు (ఇంటర్సెప్షన్లు) తగ్గించుకున్నాడు, పరుగుతో 700 గజాలు దాటాడు, ప్లేఆఫ్స్‌లో మినెసోటాను దాని సొంతగడ్డపైనే ఓడించాడు. 2023 మార్చిలో నాలుగేళ్లకు 16 కోట్ల కాంట్రాక్టు వచ్చింది. అదే జట్టులోని రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీకి ట్యాగ్ మాత్రమే దక్కింది. ఆ ఏడాది మోకాలి గాయం జోన్స్‌ను మూలకూర్చోబెట్టింది. 2024 నవంబరులో జట్టు 2–8తో ఉండగా అతన్ని బెంచీకి పంపి, ఆ వెంటనే విడుదల చేశారు. ఈలోగా ఫిలడెల్ఫియా ఈగల్స్‌కు వెళ్లిన బార్క్‌లీ 2024 సీజన్లో 2,005 గజాలు పరుగెత్తాడు, సూపర్ బౌల్ గెలిచాడు. జెయింట్స్ అభిమానులకు ఇంతకన్నా చేదు జ్ఞాపకం దొరకదు.

ఏడాదికి 4 కోట్లన్న అంకె అప్పట్లో గగ్గోలు పుట్టించింది గాని, 2023 క్యాప్ 22.48 కోట్లు, అందులో అది సుమారు 18 శాతం. పదేళ్ల ముందు ఫ్లాకో సగటు జీతం ఆనాటి 12.3 కోట్ల క్యాప్‌లో 16 శాతానికి పైనే. ధర అనుకున్నంత విపరీతమేమీ కాదు. పొరపాటు ధరలో కంటే, మూడేళ్ల సాక్ష్యాన్ని పక్కనబెట్టి ఒక్క ఏడాది సాక్ష్యాన్ని నమ్మడంలో ఉంది. డాలర్లలో వాదించుకునే అభిమానులు సాధారణంగా ఈ తేడా గమనించరు.

జారెడ్ గాఫ్ కథ రెండు వర్గాలనూ ఇరుకున పెడుతుంది. 2016 డ్రాఫ్ట్‌లో మొదటివాడైన గాఫ్, తొలి ఏడాది ఆరంభించిన ఏడు మ్యాచ్‌లూ ఓడాడు. కోచ్ షాన్ మెక్‌వే వచ్చాక లాస్ ఏంజెలెస్ ర్యామ్స్‌ను సూపర్ బౌల్ దాకా నడిపించాడు. 2019 సెప్టెంబరులో నాలుగేళ్లకు 13.4 కోట్లు అందుకున్నాడు. పొడిగించిన ఏళ్లు మొదలుకాకముందే, 2021 జనవరిలో, ర్యామ్స్ అతనితో పాటు డ్రాఫ్ట్ ఎంపికలనూ డెట్రాయిట్ లయన్స్‌కు ఇచ్చి మాథ్యూ స్టాఫర్డ్‌ను తెచ్చుకుంది. మరుసటి సీజన్లో ర్యామ్స్ సూపర్ బౌల్ గెలవడంతో వదిలించుకోవడమే మంచిదైందని తేలిపోయినట్టే కనిపించింది. కాని 2024 జనవరిలో డెట్రాయిట్ మైదానంలో గాఫ్ అదే ర్యామ్స్‌ను 24–23తో ఓడించాడు. లయన్స్‌కు 32 ఏళ్ల తర్వాత దక్కిన ప్లేఆఫ్ విజయమది. స్టేడియమంతా అతని పేరే హోరెత్తింది. ఆ మేలో అతనికి నాలుగేళ్లకు 21.2 కోట్లు ఇస్తే ఊళ్లో పెద్దగా అభ్యంతరం రాలేదు. మనిషి ఒక్కడే అయినా, కోచ్, అతన్ని కాచే రక్షణ వరుస, చుట్టూ ఉన్న రిసీవర్లు మారితే అతని విలువ ఇంతగా మారుతుంది.

జట్లు కూడా కొన్ని కాంట్రాక్టులతో చేతులు కాల్చుకుని పద్ధతులు మార్చుకున్నాయి. 2019లో కార్సన్ వెంట్జ్‌కు 12.8 కోట్లు రాసిచ్చిన ఈగల్స్, రెండేళ్లు తిరగకముందే అతన్ని పంపించి 3.38 కోట్ల డెడ్ మనీ మోసింది. డెన్వర్ బ్రాంకోస్ 2022లో రసెల్ విల్సన్ తమ తరఫున ఒక్క మ్యాచ్ ఆడకముందే 24.5 కోట్ల పొడిగింపు ఇచ్చి, 2024లో వదిలేసేటప్పుడు సుమారు 8.5 కోట్లను రెండేళ్ల పద్దుల్లో పంచుకుంది. గ్రీన్ బే ప్యాకర్స్ మరో మార్గం పట్టింది. ఆరన్ రాజర్స్ వెళ్లాక అతని స్థానంలోకి వచ్చిన జోర్డన్ లవ్‌కు 2023లో ఒక్క ఏడాది చిన్న పొడిగింపుతో సరిపెట్టి, ఆట చూసుకుని, 2024 జులైలో నాలుగేళ్లకు 22 కోట్లు ఇచ్చింది. మినెసోటా 2024లో 14–3 రికార్డు తెచ్చిన శామ్ డార్నాల్డ్‌ను సైతం నిలుపుకోలేదు. అతను సియాటిల్ సీహాక్స్‌తో మూడేళ్లకు 10.05 కోట్లకు కుదుర్చుకున్నాడు. డల్లాస్ కౌబాయ్స్ ఇందుకు విరుద్ధంగా చివరిదాకా సాగదీసి, 2024 సీజన్ తొలి మ్యాచ్‌కు కొన్ని గంటల ముందు డాక్ ప్రెస్కాట్‌కు ఏడాదికి 6 కోట్ల చొప్పున నాలుగేళ్లకు రాసిచ్చింది. ఆ ఏటి 25.54 కోట్ల క్యాప్‌లో ఆ సగటు 23 శాతం దాటుతుంది. ఇప్పుడు కొత్త కాంట్రాక్టు వార్త రాగానే ముదురు అభిమానులు మొత్తం అంకెను పక్కనపెట్టి, హామీ సొమ్ము ఎన్నేళ్లకు వర్తిస్తుందో, డెడ్ మనీ పెద్దగా మిగలకుండా ఏ ఏడాది బయటపడవచ్చో వెతుకుతున్నారు.