జస్టిస్ పార్టీ పుట్టుపూర్వోత్తరాలు

జస్టిస్ పార్టీ అసలు పేరు సౌత్ ఇండియన్ లిబరల్ ఫెడరేషన్. బ్రిటన్ లిబరళ్ల వాసన ఉన్న ఆ పేరు కాగితాల మీదే మిగిలింది. పార్టీ ఇంగ్లీషు పత్రిక ‘జస్టిస్’ పేరే జనం నోట నిలిచింది.

1912 నాటికి మద్రాసు రాజధాని జనాభాలో బ్రాహ్మణులు మూడు శాతం. జిల్లా మున్సిఫుల్లో మాత్రం వారు 72.6 శాతం. ఆ ఏడే డాక్టర్ సి. నటేశ మొదలియార్ చెన్నపట్నంలో బ్రాహ్మణేతర ఉద్యోగులను ఒక సంఘంగా కూడగట్టారు. తెలుగు దేవాంగ కుటుంబానికి చెందిన పిట్టి త్యాగరాయ చెట్టికీ, డాక్టర్ టి.ఎం. నాయర్‌కూ కార్పొరేషన్‌లో పడేది కాదు. వారిద్దరినీ ఒక తాటి మీదికి తెచ్చిన ఘనత కూడా నటేశ మొదలియార్‌దే. 1916లో అనీబిసెంట్ హోంరూల్ ఉద్యమం ఊపందుకుంది. స్వపరిపాలన వస్తే పెత్తనం ఎవరి చేతికి పోతుందన్న అనుమానం బ్రాహ్మణేతర పెద్దలను కలిపింది. ఆ నవంబరు 20న సుమారు ముప్పై మంది సమావేశమై పార్టీకి బీజం వేశారు. డిసెంబరులో త్యాగరాయ చెట్టి బ్రాహ్మణేతర ప్రకటన వెలువరించారు. తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ పార్టీ వాణిని వినిపించాయి.

తెల్లదొరలను వెంటనే పొమ్మనకుండా, చట్టసభల ద్వారా మెల్లగా అధికారం రాబట్టాలన్నది వీరి దారి. దాన్ని మధ్యేమార్గమని వారు అనుకున్నా, కాంగ్రెస్‌వారికి అది దొరల పక్షంగానే కనిపించింది. ఆ విమర్శ పూర్తిగా అన్యాయమూ కాదు. పార్టీలో జమీందార్ల మాటకు బలమెక్కువ.

కాంగ్రెస్ బహిష్కరించిన 1920 ఎన్నికల్లో పార్టీ 98 స్థానాల్లో 63 గెలిచింది. త్యాగరాయ చెట్టి పదవి వద్దన్నారు. సుబ్బరాయులు రెడ్డియార్ తర్వాత, 1921 జులైలో పానగల్ రాజా రామారాయణింగారు మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. ఉద్యోగాల్లో కులాలవారీ వాటాకు తొలి ఉత్తర్వు ఆ ఏడే వచ్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం, దేవాదాయ చట్టం కూడా ఈ ప్రభుత్వ హయాంలోనివే.

పార్టీకి తొలి పెద్ద గండి పడింది మాత్రం సచివాలయంలో కాదు, వ్యాసర్పాడి పక్కనున్న పెరంబూరు మిల్లుల దగ్గర. 1921లో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల్లో సమ్మె మొదలైంది. ఆదిద్రావిడ (దళిత) కార్మికులు చాలామంది పనిలోకి వెళ్లారు. సవర్ణ హిందూ, ముస్లిం కార్మికులు సమ్మెలో నిలిచారు. పులియంతోపులో గుడిసెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. త్యాగరాయ చెట్టి సమ్మెదారుల పక్షం వహించారు. సర్కారు ఆదిద్రావిడులను నెత్తికెక్కించుకుంటోందని పార్టీవారు దుయ్యబట్టారు. బ్రాహ్మణేతరులందరి తరఫునా మాట్లాడతామన్న పార్టీ, అందరికన్నా అడుగున ఉన్నవారిని దూరం చేసుకుంది. ఆదిద్రావిడ నాయకుడు ఎం.సి. రాజా 1923లో పార్టీ నుంచి బయటికి నడిచారు.

1925లో త్యాగరాయ చెట్టి కన్నుమూశారు. మరుసటి ఏడు పార్టీ ఓడి, 1930లో మునుస్వామి నాయుడు నాయకత్వంలో తిరిగి గద్దెనెక్కింది. రెండేళ్లకే బొబ్బిలి రాజా ఆయన స్థానంలోకి వచ్చారు. జమీందారీ ముద్ర మరింత చిక్కబడింది. 1937లో కాంగ్రెస్ 215 స్థానాల్లో 159 గెలవగా, బొబ్బిలి రాజా కూడా ఓడిపోయారు.

1938లో జైల్లో ఉన్న పెరియార్ రామస్వామికి అధ్యక్ష పదవి దక్కింది. 1944 ఆగస్టు 27న సేలం సభలో పార్టీ ద్రావిడర్ కళగంగా మారింది, ఎన్నికలకు స్వస్తి చెప్పింది. అందుకు ఒప్పుకోని పి.టి. రాజన్ వర్గం పాత పేరుతోనే 1952 ఎన్నికల్లో నిలబడి, ఆ తర్వాత కనుమరుగైంది.