సింక్‌కు దొరకని దరువు

రాత్రి ఎనిమిదిన్నర. నాగోల్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో సంగీత్. పెళ్లికూతురి మేనత్తలు స్టేజీ మెట్ల దగ్గర తమ వంతు డ్యాన్స్ కోసం వరసగా నిలబడ్డారు. ఎడమ పక్క టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచి, రెండు జాగ్ వీల్స్ ఉన్న చిన్న కంట్రోలర్, ఒక ల్యాప్‌టాప్ పెట్టారు. వాటి వెనక ఇరవై రెండేళ్ల కుర్రాడు. బీటెక్ అయిపోయింది, ఉద్యోగం ఇంకా రాలేదు. ఇంట్లో మాత్రం ‘ఫ్రెండ్ వాళ్ల ఫంక్షన్’ అని చెప్పి వచ్చాడు.

మొదటి మూడు పాటలూ బాగానే నడిచాయి. నాలుగో పాటకు బేస్ దిగగానే పిల్లలంతా ముందుకు ఉరికారు. సరిగ్గా అప్పుడు పాటలోంచి ఒక మగ గొంతు, ప్రతిధ్వనితో సహా, వేరే జిల్లా డీజే ఒకాయన పేరు గట్టిగా ప్రకటించింది. సరే, ఒకసారే కదా అనుకుంటే పల్లవి ముందు మళ్లీ మోగింది. చరణం ముందు మళ్లీ.

పెళ్లికూతురి బాబాయి టేబుల్ దగ్గరికి వచ్చాడు. “బాబూ, మేం మాట్లాడుకున్నది నిన్నే గదా? మరి ఆయనెవరు?”

కుర్రాడు కంగారులో క్రాస్‌ఫేడర్‌ను అవతలికి తోశాడు. అవతలి డెక్‌లో పాటే ఎక్కించలేదు. హాలంతా నిశ్శబ్దం. మేనత్తల్లో ఒకావిడ చేతులు పైకెత్తిన భంగిమలోనే ఆగిపోయింది.

ఇందులో ఎవరి పేర్లూ ఉండవు. వద్దన్నారు. ఆ హాల్లో ఉన్నవాళ్లూ, ఆ తర్వాత జనగామ దగ్గర బరాత్‌లో ఉన్నవాళ్లూ చెప్పిన మాటలను పక్కపక్కన పెట్టి చూస్తే కథ ఇలా నడిచింది.

పాటలో మోగిన ఆ గొంతు సంగతి ఊళ్లో పెళ్లిళ్లకు వెళ్లేవాళ్లకు కొత్త కాదు. సీనియర్లు తాము చేసిన రీమిక్స్‌లో తమ పేరు కలిపి వదులుతారు. పాట ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పోతుంది, పేరు కూడా దానితో పాటు ఊరూరా తిరుగుతుంది. అదే వాళ్ల విజిటింగ్ కార్డు. కొత్తగా వచ్చినవాడికి సొంత రీమిక్స్‌లు ఉండవు, కొనడానికి డబ్బుండదు. దొరికినవన్నీ దించుకుంటాడు. పైగా మొదటి నిమిషం విని ‘బాగుంది’ అని ఫోల్డర్‌లో పడేస్తాడు. మిగతా మూడు నిమిషాలు మొదటిసారి వినేది జనంతో పాటే.

ఆ రాత్రి పన్నెండు దాటాక సౌండ్ అన్న అతన్ని సికింద్రాబాద్‌లో ఒక టీ బండి దగ్గరికి తీసుకుపోయాడు. సౌండ్ అన్న అంటే బాక్సులు, ఆంప్లు, జనరేటర్, డీసీఎం బండి అన్నీ ఆయనవే. ప్రోగ్రాములు ముగించుకొని వచ్చిన వాళ్లు నలుగురైదుగురు అప్పటికే అక్కడున్నారు. అందులో పబ్బుల్లో వాయించే విజయవాడ అక్క ఒకావిడ. కుర్రాడి సంగతి వినగానే ఎవరూ ఓదార్చలేదు. ఒక్కొక్కరూ తమ పరువు ఎక్కడ, ఎట్లా పోయిందో చెప్పడం మొదలుపెట్టారు.

ఒకతనికి బాక్సుల్లోంచి వాట్సాప్ ‘టింగ్’మన్నదట, అదీ పెళ్లికొడుకు తండ్రి మైకు పట్టుకొని మాట్లాడుతున్నప్పుడు. ఇంకొకతని ల్యాప్‌టాప్ విండోస్ అప్‌డేట్ పెట్టుకొని, నీలి తెర మీద చుక్కలు తిప్పుతూ కూర్చుంది. మూడో అతను కాలు తగిలించుకొని యూఎస్‌బీ తీగ ఊడగొట్టాడు. ఆనాటి నుంచి తీగను టేబుల్ కాలికి టేపుతో చుట్టందే పాట పెట్టడు.

అక్క కథ వేరు. “మొదటిసారి పెద్ద క్లబ్బులో పిలిచార్రా. అక్కడ ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ప్లేయర్లుంటాయి, పెన్‌డ్రైవ్ పెడితే చాలన్నారు. పెట్టాను. తెర మీద ఒక్క పాట లేదు. డ్రైవ్ ఎన్టీఎఫ్‌ఎస్‌లో ఉంది, ఆ ప్లేయర్ దాన్ని చదవదు. ఫోన్‌కు తీగ తగిలించి బండి నడిపాను. అందుకే చెప్తున్నా తమ్ముడూ, రెండు డ్రైవులు పెట్టుకో. రెండూ ఫ్యాట్32లో ఫార్మాట్ చెయ్. పాటలు ఊరికే కాపీ కొట్టకు, సాఫ్ట్‌వేర్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చెయ్, లేకపోతే నువ్వు పాటల్లో గుర్తుగా పెట్టుకున్న క్యూ పాయింట్లు ఒక్కటీ రావు.”

సౌండ్ అన్న బాధ ఎరుపు లైట్లు. కొత్తవాళ్లు ఊపు పెరగాలని గెయిన్ తిప్పుతూ పోతారు. మీటర్ ఎర్రబడుతుంది. “తమ్మీ, నువ్వు ఆడ చింపి పంపినంక నేనీడ తగ్గిస్తే ఏమొస్తది? చినిగిన పాటే చిన్నగ వస్తది. పచ్చల పంపు. ఎక్కువ గావాల్నంటే నన్నడుగు, ఆంప్ కాడ నేను పెంచుత.” సందర్భం వచ్చింది కాబట్టి చెవుల మాటా వచ్చింది. 85 డెసిబెల్స్ చప్పుడును రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని పని భద్రత లెక్క. మూడు డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలు. బరాత్ బండి వెనక నిలబడే కుర్రాళ్లకు ఈ లెక్క ఎవరూ చెప్పరు. అక్క మెడలో తాడుకు వేలాడే చిన్న ఇయర్‌ప్లగ్స్ చూపించి, “నగలివి” అంది.

సింక్ బటన్ మీద గొడవ సరేసరి. రెండు పాటల వేగాన్నీ కలిపే పని చెవితో, పిచ్ ఫేడర్‌తో చెయ్యాలని ఒకరు, బటన్ ఉండగా ఆ యాతన ఎందుకని ఇంకొకరు. సింక్ వాడితే డీజేనే కాదనే వాదన ప్రపంచమంతా ఉంది. నాకైతే అందులో సగం అసూయ కనిపిస్తుంది. గుర్తుపెట్టిన చోటికి పాటను ఒక్క నొక్కుతో చేర్చే హాట్ క్యూ బటన్ వాడటానికి ఎవరూ సిగ్గుపడరు కదా! దాని ముత్తాత న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టింది. 1970లలో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అనే కుర్రాడు, పాటలో దరువు మొదలయ్యే చోటు చటుక్కున దొరకాలని రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసుకునేవాడు. కరెంటు పని చదువుకున్నవాడు కాబట్టి, ఒక పాట బయట మోగుతుంటే రెండోది హెడ్‌ఫోన్‌లో వినే స్విచ్చి కూడా సొంతంగా బిగించుకున్నాడు. అంత సాధన చేసి మొదటిసారి జనం ముందు వాయిస్తే, వాళ్లు ఆడటం మానేసి నిలబడి చూశారని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. అక్క ఈ సంగతి చెప్పినప్పుడు కుర్రాడు మొదటిసారి నవ్వాడు.

జనగామ బరాత్ ఆ తర్వాత వచ్చింది. ఈసారి కుర్రాడు సిద్ధంగా వెళ్లాడు. ప్రతి పాటా చివరిదాకా విన్నాడు. పేర్లు మోగే పాటలన్నీ తీసేశాడు. అప్‌డేట్లు, వైఫై, నోటిఫికేషన్లు అన్నీ ఆపాడు. పాత పాటలను వేరే ఫోల్డర్‌లో పెట్టాడు. ఎనభైల నాటి పాటలో వాద్యబృందం అంతా కలిసి వాయించి ఉంటుంది, కాబట్టి పల్లవిలో ఒక వేగం, చరణంలో కొంచెం వేరే వేగం. సాఫ్ట్‌వేర్ మాత్రం మామూలుగా దెబ్బలకు గుర్తుగా మొదట గీసిన గీతలనే చివరిదాకా సమానంగా గీసుకుంటూ పోతుంది. మధ్యకు వచ్చేసరికి గీత ఒకచోట, తబలా ఒకచోట. అలాంటి పాటను దేనితోనూ కలపకుండా, ముందు పాట ముగించి విడిగా ఎత్తుకోవాలని అక్క చెప్పింది. వేగం పెంచాలన్నా జాగ్రత్తగా ఉండాలంది. శ్రుతి మారకుండా పట్టి ఉంచే కీ లాక్ లేకుండా 6 శాతం పెంచితే పాట దాదాపు ఒక స్వరస్థానం పైకి పోతుంది, ఎస్పీ బాలు గొంతు ఇంకెవరిదో అవుతుంది.

డీసీఎం బండి ఊళ్లోకి తిరిగింది. బండికి ముందు పెళ్లికొడుకు కారు, దానికి ముందు డప్పుల బృందం. ఆ బృందం పెద్దాయనకు అరవై దాటి ఉంటాయి. డప్పును మంట మీద కాచి, వేలితో తట్టి చూసి, మళ్లీ కాచాడు.

సినిమా పాట 100 బీపీఎం దగ్గర, అంటే నిమిషానికి 100 అడుగుల వేగంతో నడుస్తోంది. ఇక తీన్మార్ పెట్టమని కుర్రకారు అరిచారు. హైదరాబాద్‌లో హబ్షీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు వాయించిన మర్ఫా సంగీతంలోది ఈ దరువు. బస్తీలు దాటి, డప్పుల్లోకి దిగి, ఇప్పుడు తెలంగాణలో ఏ ఊరి బరాత్‌కు పోయినా అదే. కుర్రాడు ముందే దించుకున్న డప్పు ట్రాక్ రెండో డెక్‌లో ఎక్కించాడు. ల్యాప్‌టాప్ తెర మీద 150 అని చూపించింది. అతనికి అనుమానం రాలేదు. సింక్ నొక్కి ఫేడర్ లేపాడు.

బాక్సుల్లోంచి వచ్చింది దరువు కాదు, ఎవరో డప్పును బురదలో ఈడుస్తున్న చప్పుడు. ఎగురుతున్న కాళ్లన్నీ ఒక్కసారిగా తడబడ్డాయి.

జరిగింది ఇది. సాఫ్ట్‌వేర్ నాలుగేసి దెబ్బల లెక్క కోసం తయారైంది. తీన్మార్‌లో ఒక్కో అడుగుకూ లోపల మూడు దెబ్బలుంటాయి. ఆ చిన్న దెబ్బల్లో ఏవి అసలు అడుగులో తెలియక యంత్రం ఒకటిన్నర రెట్లు లెక్కేసింది. 100 ఉండాల్సిన చోట 150. ఆ 150ను సినిమా పాట 100కు కలపమంటే ట్రాక్ వేగాన్ని మూడో వంతు తగ్గించి సాగదీసింది. బటన్ తన పని తాను సరిగ్గానే చేసింది.

“అన్నా, సింక్ కొట్టిన, అయినా కలుస్తలేదు!”

సౌండ్ అన్న జవాబు చెప్పేలోపే ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగి, డప్పు కర్ర పైకెత్తి, ‘ఆపు’ అన్నట్టు చెయ్యి ఊపాడు. కుర్రాడు రెండు ఫేడర్లూ కిందికి లాగేశాడు.

ఇక డప్పులే. పావుగంట సేపు బండి ఊరికే మెల్లగా కదిలింది. పెళ్లికొడుకు కారు దిగాడు. వాళ్లమ్మ కూడా దిగింది. కుర్రాడు మొదట తల వంచుకు నిలబడ్డాడు గానీ, కాసేపటికి చేతులు ఊరుకోలేదు. సాఫ్ట్‌వేర్‌లో ట్యాప్ బటన్ తెరిచి, డప్పుల అడుగుకు వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. తెర మీద అంకె 98 దగ్గర ఒకసారి, 103 దగ్గర ఒకసారి, మళ్లీ 100. ఒక్కచోట ఆగితేనా! జనం ఊగినప్పుడల్లా పెద్దాయన చెయ్యి కొంచెం ముందుకు పోతోంది.

దాని వెంట పడటం కుదరదని అతనికి అర్థమైంది. అందుకని ఉత్త బేస్ దెబ్బలు మాత్రమే ఉన్న ఒక లూప్ తీసి, 100 దగ్గర కట్టేసి, మెల్లగా లేపాడు. అది కూడా కలవలేదు. డప్పులు వెనకబడుతున్నట్టు అనిపించింది. తను ఆగితే వాళ్లూ ఆగుతున్నారు, తను తోస్తే వాళ్లూ పరుగెడుతున్నారు.

సౌండ్ అన్న బండి దిగి ముందుకు నడిచాడు. ఆయన చదివింది పదో తరగతి. కానీ బాక్సులు మోసిన అనుభవం ఇరవై ఏళ్లది. “వాళ్లు నీకు దూరముండిర్రు తమ్మీ. నీ సప్పుడు వాళ్లకు చేరి, వాళ్ల సప్పుడు నీకు రావాలె గదా.” లెక్క వేస్తే ఆయన మాట అక్షరాలా నిజం. ధ్వని సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. డప్పులు బండికి 17 మీటర్ల ముందున్నాయనుకుంటే, చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు, తిరిగి రావడానికి ఇంకో ఇరవయ్యో వంతు. 100 బీపీఎం దగ్గర అడుగుకూ అడుగుకూ మధ్య ఉండేదే సెకనులో పదింట ఆరు వంతులు. అందులో ఆరో వంతు గాల్లోనే పోతోంది. క్లబ్బుల్లో డీజే చెవి పక్కనే వేరే బాక్సు పెట్టేది ఇందుకే. జనం వైపు తిరిగిన పెద్ద బాక్సులను నమ్మి కలిపితే చెయ్యి ఎప్పుడూ వెనకే ఉంటుంది.

పెళ్లికొడుకు కారును ముందుకు పంపి, డప్పులను బండి దగ్గరికి పిలిచారు. పెద్దాయన కుర్రాడికి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కర్ర కదపలేదు. బేస్ రెండు చుట్లు విన్నాడు. తల ఒకసారి ఆడించి, మూడో చుట్టు మొదటి అడుగు మీద దిగాడు. మిగతా డప్పులు ఆయన వెనక. ఈసారి ఒక్క వెంట్రుక కూడా జరగలేదు. బటన్‌కు ఆయన చెయ్యి అందలేదు గానీ, బటన్ చెయ్యాల్సిన పని ఆయన రెండు చుట్లలో చేసి పెట్టాడు. కుర్రాడు తెర వంక చూడటం మానేసి ఆయన కర్ర వంకే చూస్తూ, ఒకచోట బేస్ తీసి, ఒకచోట ఇచ్చి, ఒక పాట పల్లవి మాత్రం మీద నుంచి వదిలాడు.

పదికి అయిదు నిమిషాలుండగా సౌండ్ అన్న గడియారం చూపించాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు మోగకూడదు. హైదరాబాద్‌లోనైతే 2024 అక్టోబర్ నుంచి మతపరమైన ఊరేగింపుల్లో డీజేలనే పోలీసులు వద్దన్నారు. ఇది పెళ్లే అయినా, బండి స్టేషన్‌కు పోతే విడిపించుకునేది తనే కదా! కుర్రాడు మాట్లాడకుండా ఫేడర్ దించాడు. డప్పులు పెళ్లివారి గుమ్మం దాకా మోగుతూనే ఉన్నాయి.

లెక్కల దగ్గర పెళ్లికొడుకు మేనమామ పేచీ పెట్టాడు. “పావుగంట డీజే బందువెట్టిండు. దానికి గూడ పైసలా?”

పెద్దాయన డప్పు భుజానికి తగిలించుకుంటూ అందుకున్నాడు. “ఆ పావుగంటల్నే గదా మీ అక్క కారు దిగి ఆడింది. ఇంకింత ఎక్కువియ్యాలె పోరనికి.”

మేనమామ నవ్వాడు. అయిదు వందలు కోసే ఇచ్చాడు.