తప్పులు దిద్దిన తండ్రి

బాబరు పాదుషా కొడుకుకొఱకు ప్రాణము ధారవోసిన కథ మన బడిపిల్లలందఱును చదువుకొన్నదే. రోగశయ్యపై నున్న హుమాయూను మంచము చుట్టు ముమ్మాఱు తిరిగి, వాని వ్యాధి నాకు రావలెనని దైవమును వేడుకొనెననియు, కొడుకు లేచి కూర్చుండగా తండ్రి మంచము పట్టెననియు దాని సారము. నాకు మాత్రము, తండ్రి యనువాని లోతు తెలిసికొనవలెనన్న తలంపు కలిగినపుడెల్ల, ఆ ప్రదక్షిణమునకు రెండేండ్లు ముందుగా, 1528 నవంబరులో, ఆ తండ్రియే ఆ కొడుకునకు వ్రాసి, తన స్వీయచరిత్రలో నకలు చేర్చుకొన్న యొక జాబు మీదికి మనసు పోవుచుండును.

హుమాయూను అప్పటికి ఇరువదేండ్ల యువకుడు. హిందూకుష్ పర్వతముల కావల బదక్షానులో నుండెను. కొడుకు పుట్టినాడనియు, వానికి 'అల్ అమాన్' అని పేరు పెట్టితిననియు వార్త పంపెను. తాత సంతసించెను, సంతసించిన నోటితోనే తప్పెన్నెను. అభయమను నర్థముగల మంచి పేరే కాని, సామాన్యజనము దానిని 'అలామాన్' అనియో 'ఇలామాన్' అనియో పలుకుదురని నీకు తోచకపోయెనా యని యడిగెను. మొదటి యుచ్చారణకు తురుష్కభాషలో దోపిడికాడను నర్థము వచ్చునని వ్యాఖ్యాతలు చెప్పుదురు. అంతటితో విడువలేదు. నీ జాబును నీవు మరల చదువుకొనలేదనియు, చదువ యత్నించినచో నీకే కొఱుకుడుపడక సవరించియుందువనియు, వచనమును పొడుపుకథవలె వ్రాయువారిని తానెన్నడును వినలేదనియు, ఫలానా మాటలో ఫలానా యక్షరము తప్పనియు వరుసగా ఎత్తి చూపెను. ఇకమీదట ఆడంబరము మాని తేటమాటలతో వ్రాసినచో ఇరువురకును శ్రమ తగ్గునని ముగించెను. పానిపట్టును, ఖాన్వాను గెలిచిన వీరుడు, ఆగ్రాలో కూర్చుండి, కొడుకు అక్షరములు దిద్దుచుండెనన్నమాట!

ఇది చదివినపుడు నాకు మా తండ్రిగారు జ్ఞప్తికి వత్తురు. పట్టణమునుండి నేను వ్రాసిన కార్డులో 'కళ్యాణము' అని కనబడెనా, దాని క్రింద ఎఱ్ఱసిరాతో గీత గీసి, 'ల' యని ప్రక్కన వేసి, క్షేమసమాచారము మాట యెత్తకుండ ఆ కార్డునే కవరులో పెట్టి తిరుగుటపాలో పంపెడివారు. అప్పుడు కోపము వచ్చెడిది. వారు ఆ కార్డును ఎన్నిమార్లు చదివియుందురో యన్న యూహ చాల యేండ్లకు గాని రాలేదు.

బాబరున కిట్లు దిద్దువాడు చిరకాలము దక్కలేదు. 1494లో, పదునొకండేండ్ల ప్రాయమున, అతడు తండ్రిని కోల్పోయెను. ఫర్గనా ప్రభువైన ఉమర్ షేఖ్ మీర్జా అఖ్సీకోటలో, లోయ యంచున కట్టించిన పావురాలగూటితో కూడ క్రిందబడి మరణించెను. ఆ తండ్రిని గూర్చి కొడుకు వ్రాసిన వాక్యములలో స్తుతి కొంత యున్నను, నా మనస్సున నిలిచినది అంగీ ముచ్చట. ఆయన స్థూలకాయుడు, బిగుతైన అంగీ తొడిగి, పొట్ట లోనికి పీల్చి ముళ్ళు వేయించుకొనువాడట, ఊపిరి విడిచినంతనే ఆ ముళ్ళు తఱచుగా తెగిపోవునట. ఆ ముళ్ళు తెగుట కన్నులార చూచిన పసివాడు తప్ప మఱెవ్వరు అది గుర్తుంచుకొందురు?

కొడుకుపై బాబరునకు కోపకారణములు లేకపోలేదు. 1526లో ఆగ్రాలో చేజిక్కిన మహావజ్రమును హుమాయూను తెచ్చి యీయగా, తండ్రి దానిని మరల వానికే యిచ్చివేసెను; మరుసటి యేడు ఆ కొడుకే అనుమతి లేకుండ ఢిల్లీలోని ఖజానా గదులు తెఱపించి సొమ్ము తీసికొనగా, కఠినముగా మందలించుచు జాబులు వ్రాసెను. 1528 నాటి జాబులో, ఏకాంతవాసము కోరుచున్నానన్న కొడుకు మాటను త్రోసిపుచ్చుచు, రాజరికమువంటి బంధము వేఱొకటి లేదనెను; తమ్ముడు కామ్రానుతో నీకాఱు పాళ్ళు, వానికైదు పాళ్ళు అను లెక్క తప్పవలదనియు హెచ్చరించెను.

1530లో హుమాయూను సంభల్‌లో జబ్బుపడగా, నీటిమార్గమున ఆగ్రాకు చేర్చిరి. ప్రియతమమైన వస్తువును దానమీయవలెనని ఒకరు చెప్పగా, సభాసదులు ఆ వజ్రము నీయుమనిరి. బాబరు సమ్మతింపక తన్ను తానే సమర్పించుకొనెను. ఈ ముచ్చట చెప్పిన కూతురు గుల్బదను బేగము అప్పటికి ఏడెనిమిదేండ్ల పిల్ల. వ్రాసినది కొన్ని దశాబ్దముల తరువాత, అక్బరు కోరికపై. ప్రదక్షిణమునకును మరణమునకును నడుమ కొన్ని నెలలు గడిచినవని చరిత్రకారులు కొందఱు వాదింతురు. వాదించుకొననిండు. బాబరు 1530 డిసెంబరు 26న మరణించెను. దానికి ముందు, తమ్ములు తగినంత తప్పు చేసినను వారికి కీడు తలపెట్టవలదని హుమాయూనున కాజ్ఞాపించెను.

దిద్దుబాట్లన్నిటిలోను కొడుకునకు మిక్కిలి భారమైనది ఇదియే. కామ్రాను ఎన్నిమార్లు తిరుగబడెనో అన్నిమార్లు హుమాయూను క్షమించెను. రాజ్యము షేర్షా పాలై, పారసీకదేశమున తలదాచుకొని వచ్చిన పిమ్మటను క్షమించెను. తుదకు 1553లో, సర్దారుల ఒత్తిడికి లోబడి, ఆ తమ్ముని కన్నులు పోగొట్టించెను. ప్రాణము మాత్రము తీయలేదు. తండ్రిమాట నిలిచెనో తప్పెనో నాకు తేల్చరాదు.

బాబరు గ్రంథము తురుష్కభాషా ప్రతులలో ప్రధానమైన దొకటి మన హైదరాబాదులో, సాలార్‌జంగు గ్రంథాలయమున దొరకగా, శ్రీమతి బెవెరిడ్జి 1905లో దానిని యథాప్రతిగా అచ్చువేయించెను. దానికి పూర్వమెప్పుడో, 1589లో, ఆ గ్రంథమును పారసీకమున కనువదించిన అబ్దుర్రహీమును నాలుగేండ్లప్పుడే తండ్రిని పోగొట్టుకొన్నవాడు.

ఆ గ్రంథమున 1526 దండయాత్రా వృత్తాంతములో, ఫలానా మజిలీలో ఆ దినమున హుమాయూను ముఖమునకు మొదటిసారి మంగలికత్తి తగిలినదని బాబరు వ్రాసికొనెను. ఆ యెడ హుమాయూను చేర్చిన చిన్న టిప్పణము కలదు. తండ్రిగారు తమ మొదటి క్షౌరమును చెప్పికొనిరి గనుక తానును తనది చెప్పుచున్నాననియు, నాడు తనకు పదునెనిమిదేండ్లనియు, ఇప్పుడు నలువదియాఱనియు. చాంద్రమానపు లెక్కన అది ఇంచుమించు 1553. ఈ మాఱు దిద్దువారు లేరు. ఆ రెండు మూడు వాక్యములును తేటగానే యున్నవి.