కాశ్యపుడికీ మాకూ మధ్య ఎవరున్నారు?

మా అన్నయ్య కూతురి పెళ్ళి గోత్రం దగ్గర ఆగింది. పిల్లా పిల్లాడూ ఒకరినొకరు ఇష్టపడ్డారు. చదువులూ ఉద్యోగాలూ కుదిరాయి. కులం కూడా ఒకటే. (కులం వేరయితే గొడవ గోత్రం దాకా వచ్చేదే కాదు, అక్కడే తేలిపోయేది.) తీరా మాటలు ముగిసే వేళకి ఇద్దరిదీ కాశ్యప గోత్రమేనని బయటపడింది. "అన్నాచెల్లెళ్ళకి పెళ్ళి చేస్తార్రా ఎక్కడైనా?" అని మా పెదనాన్నగారు అడ్డం తిరిగారు. ఇంటిపేర్లు వేరు, జిల్లాలు వేరు, రెండు కుటుంబాలూ అంతకుముందు ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. అయినా అన్నాచెల్లెళ్ళే!

ఆయనే మరో ఉపాయం కూడా చెప్పారు. పిల్ల మేనమామ, అంటే మా వదిన ఆఖరి తమ్ముడు, పెళ్ళికి ఉన్నాడు. "బయటి సంబంధాలెందుకు, అతనికిచ్చి చేస్తే ఆచారానికీ తప్పు లేదు, ఆస్తీ కలిసొస్తుంది" అన్నారు.

నేను హేతువాద సంఘంలో సభ్యుణ్ణని ఆయనకి తెలుసు. "నీ ఉపన్యాసాలు నాకొద్దు, రుజువుంటే పట్రా" అన్నారు. న్యాయమైన మాట. మా పూర్వీకుల్ని వెతకడం అలా మొదలైంది.

ముందు ఇంట్లో ఎంత తెలుసో చూశాను. తద్దినంలో మూడు తరాల పేర్లు చెబుతారు: తండ్రి, తాత, ముత్తాత. నాలుగో తరం పేరు మా ఇంట్లో ఎవరికీ రాదు. అక్కణ్ణుంచి ఒకే గెంతులో కాశ్యపుడు. తరానికి పాతికేళ్ళ చొప్పున వేసుకుంటే రెండు వేల ఏళ్ళకి ఎనభై తరాలు. మూడు తెలుసు, డెబ్బై ఏడు తెలియవు, ఆ పైవాడు మాత్రం ఖాయంగా తెలుసు! భూమి తగాదాలో ఇలాంటి వంశవృక్షం తెస్తే ఏ మునసబు కోర్టూ నమ్మదు.

పోనీ శాస్త్రాలైనా గోత్రం రక్తసంబంధమని ఒప్పుకున్నాయా? యాజ్ఞవల్క్య స్మృతికి వ్యాఖ్యానమైన మితాక్షరలోనే, క్షత్రియ వైశ్యులకి సొంత గోత్ర ప్రవరలు లేవు, పురోహితుడి గోత్రాన్నే వాడుకోవాలని ఉంది. గోత్రం తెలియనివాళ్ళకి కాశ్యప గోత్రం చెప్పడం పురోహితులందరికీ తెలిసిన పద్ధతే. అంటే కాశ్యపులమని చెప్పుకునే రెండు కుటుంబాలకి ఉమ్మడిగా ఉన్నది ఒకే మూలపురుషుడు కాకపోవచ్చు, ఒకే రకం మతిమరుపు కావచ్చు.

ఇక లెక్క చూద్దాం. నాకు తల్లిదండ్రులు ఇద్దరు, అవ్వాతాతలు నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. పది తరాలు వెనక్కి వెళితే 1,024 మంది. గోత్రం వీళ్ళలో ఒక్కడి పేరే చెబుతుంది: తండ్రికి తండ్రికి తండ్రి. మిగిలిన 1,023 మందిదీ లెక్కలేదు. అందులో 512 మంది ఆడవాళ్ళు. ముప్పై తరాలు వెళితే లెక్క 107 కోట్లు దాటుతుంది. అప్పటికి, అంటే కాకతీయుల కాలానికి, మొత్తం దేశంలో అంత జనం లేరు. దీని అర్థం ఒక్కటే. అదే మనుషులు మన వంశవృక్షంలో మళ్ళీ మళ్ళీ వస్తున్నారు. పైకి వెళ్ళేకొద్దీ అది చెట్టులా విడిపోదు, వలలా అల్లుకుంటుంది.

తర్వాత కాయితాల వేట. మాది పాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు. 1984లో కరణాల వ్యవస్థ రద్దయినప్పుడు ఊరి లెక్కలు కొన్ని మండలానికి చేరాయి, కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. ఒకచోట చెదలు తిన్నాయన్నారు, ఇంకోచోట సాహెబుగారు సెలవన్నారు. చివరికి ఒక రిజిస్ట్రేషను దస్తావేజు నకలు దొరికింది. 1889 నాటిది. చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. గొలుసుకట్టు రాత, మధ్యలో ఊపిరి తీసుకోని వాక్యాలు.

అది దత్తత పత్రం. మగపిల్లలు లేని ఒకాయన తన కూతురి కొడుకుని దత్తత తీసుకున్నాడు. మా వైపు ఆచారంలో అది చెల్లేది. ఆ తొమ్మిదేళ్ళ పిల్లాడు మా ముత్తాత. అంటే పెదనాన్నగారికి స్వయానా తాతగారు. ఆయన పుట్టిన ఇంటి గోత్రం వేరు. ఆ రోజు మధ్యాహ్నం సబ్ రిజిస్ట్రారు ముందు వేలిముద్రలు పడ్డాక కాశ్యప గోత్రీకుడయ్యాడు. మా కాశ్యపత్వం వయసు వేల ఏళ్ళు కాదు, నూట ముప్పై చిల్లర. ఆ దత్తతే జరగకపోతే మా అన్నయ్య కూతురికి ఈ అభ్యంతరమే ఉండేది కాదు. స్టాంపు కాయితం మీద మారగలిగేది రక్తం ఎలా అవుతుంది?

ఆ కాయితంలో నేను వెతకని సంగతి మరొకటి కనబడింది. పిల్లాణ్ణి దత్తత ఇచ్చిన తల్లి పేరు, ఆమెకి పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన రెండెకరాల హద్దులతో సహా. దత్తత వెళ్ళాక ఆ పిల్లాడు తద్దినాల్లో చెప్పింది పెంచుకున్న తల్లి పేరు. కన్నతల్లి లెక్కలోంచి జారిపోయింది. కొడుకుని తన తండ్రి ఇంటికే ఇచ్చిన మనిషి, తన వంశంలో తనే లేకుండా పోయింది.

మాకు నాలుగెకరాలు ఉండబట్టి దస్తావేజు ఉంది. భూమి లేనివాళ్ళ సంగతేమిటి? అడంగల్ నిండా రైతుల పేర్లే, పాలేర్ల పేర్లుండవు. పేదవాళ్ళ పేర్లు వివరంగా రాసిపెట్టిన చోటు ఒకటుంది, అది తల్చుకుంటే సంతోషం కలగదు. 1860 నుంచి 1911 దాకా మన దేశం నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కి 1,52,184 మందిని ఒప్పంద కూలీలుగా తీసుకెళ్ళారు. మొదటి ఓడ ట్రూరో మద్రాసు నుంచే బయల్దేరి 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఆ కూలీల్లో తెలుగువాళ్ళు చాలామంది. ఓడ పట్టికల్లో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీది పుట్టుమచ్చలు రాశారు. ఆడవాళ్ళవి కూడా. పారిపోతే పట్టుకోవడానికి రాసిన వివరాలవి. ఈనాడు అక్కడి మనవలు, మునిమనవలు తమ ఊరేదో వెతుక్కుంటున్నది ఆ పట్టికల్లోనే. ఏ పురాణమూ గుర్తుపెట్టుకోని ఆడకూలీని, ఆమె చాకిరీ మీద లాభం తీసినవాడి చిట్టా గుర్తుపెట్టుకుంది.

సరే, అసలు ప్రశ్నకి వద్దాం. ఒకే గోత్రంలో చేసుకుంటే పిల్లలకి జబ్బులొస్తాయని, అందుకే రుషులు ఆ నియమం పెట్టారని ఈమధ్య సైన్సు పేరుతో చెబుతున్నారు. కొందరు వై క్రోమోజోమ్‌ని పట్టుకుంటారు. నిజమే, అది తండ్రి నుంచి కొడుక్కే వెళుతుంది. కానీ పెళ్ళికూతురికి వై క్రోమోజోమ్ ఉండదు కదా! తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి ఒకే రకంవి కలిసే ప్రమాదం దానికి లేనే లేదు. మిగిలిన డీఎన్ఏ సంగతి చూస్తే, పది తరాల వెనకటి ఫలానా పూర్వీకుడిది ఒక్క ముక్క కూడా మనకి రాకపోవచ్చు.

మేనమామ సంగతి అలా కాదు. మేనమామకీ మేనకోడలికీ సగటున నాలుగోవంతు జన్యువులు ఉమ్మడి. వాళ్ళ బిడ్డకి ఏ జన్యువు తీసుకున్నా, రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి. బావామరదళ్ళ బిడ్డకి పదహారింట ఒకటి. అంటే మా పెదనాన్నగారు వద్దన్న సంబంధంలో ప్రమాదం లెక్కకి అందదు, చెయ్యమన్న సంబంధంలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రుషులకి జన్యుశాస్త్రం తెలిసుంటే నియమం తిరగేసి పెట్టేవారు.

గోత్రం తప్పిస్తే సరిపోదని చెప్పే ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఆర్యవైశ్యుల్లో 102 గోత్రాలు, పట్టింపు గట్టిదే. అయినా ఆపరేషనుకి ముందు ఇచ్చే ఒక రకం కండరాల మందుకి ప్రమాదకరంగా స్పందించే జన్యులోపం వాళ్ళలో మిగతా జనం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇది వాళ్ళ తప్పూ కాదు, వాళ్ళొక్కళ్ళ సంగతీ కాదు. 2017లో మన సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న పరిశోధన దక్షిణాసియాలోని 263 సమూహాలని పరిశీలించింది. కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగి, బయట కలవకుండా ఉండిపోయిన ఆనవాళ్ళు 81 సమూహాల్లో ఫిన్లాండ్ ప్రజల కంటే, అష్కెనాజీ యూదుల కంటే బలంగా ఉన్నాయి. కారణం గోత్రం కలవడం కాదు, కులం దాటకపోవడం.

చట్టానికి వస్తే, సగోత్ర వివాహం చెల్లుతుందని 1946లోనే చట్టం చేశారు. 1955 హిందూ వివాహ చట్టం చూసేది తండ్రి వైపు ఐదు తరాలు, తల్లి వైపు మూడు తరాల సపిండ సంబంధాన్ని. మేనమామ పెళ్ళి ఆ చట్టం ప్రకారం నిషిద్ధమే, ఆచారం ఉంటే తప్ప. డెబ్బై ఏళ్ళుగా మనం ఆ "తప్ప" మీదే బతుకుతున్నాం.

ఇవన్నీ రాసుకుని పెదనాన్నగారి దగ్గరికి వెళ్ళాను. లెక్కలు విన్నారు, ఒప్పుకోలేదు. దత్తత వెళితే గోత్రం మారుతుంది, అదే శాస్త్రం అన్నారు. "మరి రక్తం?" అన్నాను. జవాబు చెప్పలేదు. నకలు చేతిలోకి తీసుకుని కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆ తల్లి పేరు దగ్గర వేలు ఆగింది. "ఈవిడ మా తాతని కన్నదా? మాకెవరూ చెప్పలేదే" అన్నారు. ఇంకో నకలు తీయించి ఇమ్మన్నారు.

పెళ్ళి అయింది, ఆ అబ్బాయితోనే. పెదనాన్నగారు వచ్చారు, భోజనం చేశారు, గోత్రం మాట ఎత్తలేదు. మారారని చెప్పను. ఎనభై ఆరేళ్ళ మనిషి నోరు మెదపకుండా అక్షింతలు వేశాడంటే అదే చాలు.

మీరూ వెతకండి. ముందు ఇంట్లో పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి, ఇద్దరు చెప్పినది సరిపోల్చండి. ప్రతి ఆడమనిషి పుట్టింటి పేరూ, ఊరూ రాయండి, ముందుగా పోయేవి అవే. దస్తావేజులు, అడంగల్, బడి రిజిస్టర్లు చూడండి. తెలంగాణవాళ్ళకి తార్నాకలో ఆర్కైవ్స్ ఉంది, పాత మద్రాసు జిల్లాలవాళ్ళకి చెన్నై ఎగ్మూరులో ఉంది. కాయితం లేని చోట ఖాళీ వదలండి. ఆ ఖాళీలో రుషిని మాత్రం కూర్చోబెట్టకండి.