గెర్లేన్ వారి పరిమళశాల

అత్తరువులయందలి ప్రీతి మనకు క్రొత్త గాదు. కాని వానిని వడిచిన శిల్పి పేరు మనదేశమున నిలుచుట అరుదు. పారిస్ నగరమున గెర్లేన్ వారి పేరు రెండువందల యేండ్లకు చేరువగా నిలిచియున్నది.

1828లో పియర్ ఫ్రాంస్వా పాస్కల్ గెర్లేన్ రివోలీ వీథియందు దుకాణము తెఱచెను. 1853లో యూజెనీ చక్రవర్తినికై ఈతడు కూర్చిన పన్నీటి సీసాపై నెపోలియనుల రాజచిహ్నమగు తేనెటీగలు మలచబడినవి. ఆస్థాన పరిమళకారుడను బిరుదు దానితో లభించినది.

1864లో ఈతడు మరణింపగా, కుమారుడగు ఎమే 1889లో "జికీ"ని వెలయించెను. కళకు మలుపు ఇదియే యని మా తలంపు. అప్పటికే పెర్కిన్ 1868లో కూమరిన్‌ను ప్రయోగశాలలో సిద్ధము చేసెను. వనిలిన్ 1874లో వచ్చెను. ఎమే ఈ రెంటిని లవెండరుతో కలిపెను. కృత్రిమమని దీనిని ఈసడించువారు కలరు. పువ్వును అనుకరించుట శిల్పమైనచో, ఏ పువ్వునను లేని తావిని కల్పించుట అంతకు తక్కువ యెట్లగును?

జాక్ గెర్లేన్ 1919లో "మిత్సుకో"ను సృజించెను. 1925 పారిస్ ప్రదర్శనమున ప్రఖ్యాతి గాంచిన "షాలిమార్" కూడ ఆతనిదే. ఇది షాజహాను ముంతాజుల ప్రణయవనము పేరని సంస్థవారి కథనము. కథ మనోహరమే, కాని కాశ్మీరపు షాలిమారు వనమును నాటించినది జహంగీరు. లాహోరు వనము ముంతాజు గతించిన పదేండ్లకు, 1641లో, ఆరంభమైనది.

షాలిమారునకు ప్రాణము వనిల్లా గంధము. మెక్సికోనుండి తెచ్చిన వనిల్లా తీగ ఫ్రెంచివారి రెయూన్యోఁ ద్వీపమున పూచెడిదే గాని, పరాగమును చేర్చు ఈగలు లేమి కాయకుండెడిది. 1841లో ఎడ్మండ్ అను పండ్రెండేండ్ల బానిస బాలుడు చిన్న పుల్లతో, బొటనవ్రేలితో ఆ పని చేయు మార్గమును కనుగొనెను. చక్రవర్తిని సీసాపై ఈగలు వాలుటకు పండ్రెండేండ్ల ముందే వీడు ఈగల పని నెఱవేర్చెనన్నమాట! నేటికిని తోటలలో ఆ పద్ధతియే నడచుచున్నది. 1848లో బానిసత్వము రద్దుకాగా బాలునకు స్వేచ్ఛయు, ఆల్బియస్ అను ఇంటిపేరును లభించినవి. ధనము మాత్రము లభింపలేదు. 1880లో దారిద్ర్యముననే మరణించెను.

1994లో గెర్లేన్ సంస్థ కుటుంబము చేతినుండి పరహస్తగతమైనది. 2010లో ఆ వంశజుడగు జాన్ పాల్ గెర్లేన్, తన కృతియగు నొక పరిమళమును గూర్చి టెలివిజనులో చెప్పుచు, నల్లవారి శ్రమను హేళనచేసెను. జనులు దుకాణము ముందు గుమిగూడి నిరసించిరి. 2012లో పారిస్ న్యాయస్థానము ఆయనకు 6000 యూరోల జరిమానా విధించెను.